మిషన్ అడుగున మళ్ళీ మళ్ళీ నీళ్ళు: పంపు పోయిందంటున్నారు, నమ్మొచ్చా?

#1 · బలగవాసి · ముక్కనుమ, రాత్రి 9:10

శ్రీకాకుళం నుంచి రాస్తున్నాను, ఇల్లు బలగలో. డిష్‌వాషర్ కొని పద్నాలుగు నెలలు. వారంటీ ఏడాది. మిగతాది మీరే ఊహించుకోండి.

భోగినాడు బాగానే తోమింది. పండగనాడూ బాగానే తోమింది. కనుమనాడు రాత్రి పద్నాలుగు మంది భోంచేసి లేచాక, సరిగ్గా అవసరమైనప్పుడే, సగంలో ఆగిపోయి బీప్ బీప్ మంటూ కూర్చుంది. తలుపు తీస్తే అడుగున నాలుగు వేళ్ళ లోతు మురుగు. స్క్రీన్ మీద ఏదో కోడ్. పుస్తకం వెతికి చూస్తే ‘నీళ్ళు బయటికి పోవడం లేదు’ అని ఉంది.

చెంబుతో తోడీసి, స్పాంజితో పిండీసి మళ్ళీ పెట్టాను. ఈసారి చివరిదాకా నడిచింది. హమ్మయ్య అని పడుకుంటే పొద్దున్నకి మళ్ళీ అడుగున నీళ్ళు. రాత్రంతా మిషన్ ఎవరూ ముట్టుకోలేదు, స్విచ్ కూడా కట్టేసే ఉంది.

తెలిసిన మెకానిక్‌ని పిలిచాం. తలుపు తీశాడు, వంగి కూడా చూడలేదు. ‘డ్రెయిన్ పంపు పోయింది, కొత్తది వెయ్యాలి, ఆరున్నర వేలు’ అన్నాడు. డబ్బు మాట సరే, అది వేశాక కూడా ఇలాగే ఉంటే ఏటి గతి? రథసప్తమికి మా ఇల్లెలా ఉంటుందో అరసవల్లి చుట్టుపక్కల వాళ్ళకి చెప్పక్కర్లేదు. దర్శనానికొచ్చిన చుట్టాలంతా మా ఇంట్లోనే దిగుతారు. ఈలోగా ఇది బాగవ్వాలి.

మా అమ్మ అప్పుడే ‘నాను ముందే సెప్పాను’ మొదలెట్టింది.

#2 · పొందూరు_సన్నం · రాత్రి 9:32

ఆరున్నర వేలు తరవాత. ముందు ఫిల్టరు తీసి కడిగి ఎన్నాళ్ళయింది?

#3 · బలగవాసి · రాత్రి 9:35

ఫిల్టరా? అది మనం తియ్యొచ్చా?

#4 · పొందూరు_సన్నం · రాత్రి 9:36

ఓలమ్మో.

#5 · ఆమదాలవలస_అక్క · రాత్రి 10:05

పాపం, ఆయన్నేం అనకండి. మా ఇంట్లోనూ మొదటి ఏడాది ఎవరికీ తెలీదు. అమ్మినవాళ్ళు బటన్లు చూపించి వెళ్ళిపోతారు.

తమ్ముడూ, ముందు ప్లగ్గు పీకెయ్యి. స్విచ్ కట్టెయ్యడం చాలదు, పీకెయ్యి. కింది బుట్ట బయటికి లాగి, కింద తిరిగే రెక్క పైకెత్తితే వచ్చేస్తుంది. అడుగున మధ్యలోనో ఓ మూలకో గుండ్రంగా గ్లాసులాంటిది కనిపిస్తుంది, దాన్ని గడియారానికి ఎదురుగా తిప్పి పైకి లాగు. చాలా మిషన్లలో మూడు ముక్కలుంటాయి: పైన పెద్ద చిల్లుల గ్లాసు, దాని చుట్టూ సన్నని జాలీ, కింద పళ్ళెంలాంటి స్టీలు రేకు. మూడూ విడదీసి కుళాయి కింద పాత టూత్‌బ్రష్‌తో కడుగు. స్టీలు పీచు మాత్రం వాడకు, జాలీ చిరుగుతుంది.

మాది వారానికోసారి కడుగుతాను, శనివారం తలస్నానం లాగ. పోపు వేసే కొంపల్లో వారం కూడా ఎక్కువే. ఆవాలు, కరివేపాకు ఈనెలు, మినపబద్దలు అన్నీ అక్కడే కాపురం పెడతాయి.

#6 · బలగవాసి · రాత్రి 11:20

తీశాను. చెప్పుకోడానికి సిగ్గేస్తోంది గానీ చెప్తాను. జాలీ అసలు కనపడలేదు, దాని మీద బూడిదరంగు జిగురు పొర. గోటితో గీస్తే మైనంలా లేచింది. పెద్ద గ్లాసులో ఆవాలు గుప్పెడు, చికెన్ ఎముక ముక్క ఒకటి, పచ్చడి సీసా కాగితం చుట్ట చుట్టుకుపోయి ఉంది. వాసన గురించి అడక్కండి. మా ఆవిడ వంటింటి తలుపేసేసి హాల్లో కూర్చుంది.

ఫిల్టరు తీసిన గుంటలో చెయ్యి పెడితే పక్కన చిన్న ప్లాస్టిక్ మూత తగిలింది. స్పూను కాడతో ఎత్తాను. దాని వెనక ఏముందో తెలుసా? చింతపిక్క! నున్నగా, బొత్తాంలా, పంపు రెక్కల పక్కన పడి ఉంది.

దొంగ దొరికాడు. అన్నీ బిగించి ఖాళీగా ఒకసారి తిప్పాను, నీళ్ళన్నీ పోయాయి. అందరికీ దణ్ణాలు. ఆరున్నర వేలు మిగిలింది.

#7 · కోటగుమ్మం · మర్నాడు, ఉదయం 5:50

బాబూ, తొందరపడి సంబరం సెయ్యకండి.

మాది విజయనగరం. ఇరవై ఏళ్ళు వాషింగు మిషన్లూ ఫ్రిజ్జులూ బాగుచేశాను, ఆఖరి ఆరేళ్ళూ ఇవి కూడా. ఇప్పుడు కొట్టు మూసీసి మనవల్ని ఆడిస్తున్నాను. చింతపిక్క రెక్కల మధ్యన ఇరుక్కుంటే పంపు అసలు తిరగదు. మీరు నీళ్ళు తోడాక ఒకసారి పూర్తిగా నడిచిందన్నారు. అంటే అది పక్కన పడుందే గానీ అడ్డం పడలేదు. తీసీడం మంచిదే. కానీ దొంగ అదేనా అని నా అనుమానం.

పంపు పోయిందో లేదో సెవితో తెలుస్తాది. నీళ్ళు తోసే టైముకి మిషన్ పక్కన కూకోండి. గుయ్యిమని మూలిగి ఆగిపోతే రెక్కలకి ఏదో అడ్డంపడింది. అసలు సప్పుడే రాకపోతే కరెంటు అందటం నేదు, లేదా పంపు కాలిపోయింది. సప్పుడు మామూలుగా వస్తున్నా నీళ్ళు కదలకపోతే పంపు మంచిదే, దోవ మూసుకుంది. మీ మెకానిక్కు ఈ మూడింట్లో ఏది విన్నాడు? ఏదీ విననోడు పంపు మార్చమన్నాడంటే అది వైద్యం కాదు, సోదె.

ఇంకో మాట. మూత తీసినప్పుడు ఆ రెక్కల్ని పుల్లతో తిప్పి సూడండి, వేలితో వద్దు, గాజుముక్క ఉంటాది. నున్నగా గిర్రున తిరగదు. ఆగి, తుళ్ళి, ఆగి తిరుగుతాది. చాలామంది అది సూసి పట్టేసిందనుకుంటారు. లోపల అయస్కాంతం ఉంటాది, దాని గుణం అంతే.

#8 · బలగవాసి · ఉదయం 7:15

గురువుగారూ, మీ నోట్లో పంచదార పొయ్యా అనలేను. ఇప్పుడే తలుపు తీశాను. అడుగున మళ్ళీ నీళ్ళు. రెండు వేళ్ళ లోతు.

#9 · వంశధార_వనిత · ఉదయం 8:40

మధ్యలో దూరుతున్నందుకు క్షమించండి, డిష్‌వాషర్ మాటే కాబట్టి ఇక్కడే అడుగుతున్నాను. నరసన్నపేట దగ్గర మాది. మా మిషన్లో నీళ్ళు బాగానే పోతాయి. కానీ గాజుగ్లాసులు, స్టీలు కంచాలు అన్నీ తెల్లగా సున్నం పూసినట్టు వస్తున్నాయి. ఖరీదైన బిళ్ళలే వాడుతున్నాం. బోరు నీళ్ళు. చుట్టాలకి ఆ గ్లాసులో మంచినీళ్ళిస్తే తిప్పి తిప్పి చూస్తున్నారు.

#10 · నాగావళి_మేష్టారు · ఉదయం 9:30

కెమిస్ట్రీ చెప్పేవాణ్ణి, కాబట్టి కాస్త సాగదీస్తాను.

ముందు ఒక గ్లాసు తీసుకుని నిమ్మచెక్కతో రుద్దండి. మరక పోతే అది సున్నం, అంటే నీళ్ళలో ఉన్న కాల్షియం, మెగ్నీషియం. పోకపోతే గాజే అరిగింది, ఇక దానికి మందు లేదు. ఇంకొకటి, ఆ పొరని నాలికతో తాకి చూడండి. ఉప్పగా ఉంటే ఉప్పు డబ్బా మూత సరిగ్గా బిగియలేదు, ఉప్పునీళ్ళు గిన్నెల్లోకి కారుతున్నాయి.

బోరు అంటున్నారు కాబట్టి మొదటిదే అయ్యుంటుంది. తాగే నీళ్ళ భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం కాఠిన్యం లీటరుకి 200 మిల్లీగ్రాముల దాకా మంచిది, వేరే నీళ్ళు దొరక్కపోతే 600 దాకా సరిపెట్టుకోవచ్చు. అది తాగడానికి. మిషన్‌కి 200 కూడా ఎక్కువే. అందుకే చాలా మిషన్ల అడుగున చిన్న రెసిన్ గది ఉంటుంది. ఆ రెసిన్ నీళ్ళలోని కాల్షియాన్ని పట్టుకుని బదులుగా సోడియం వదులుతుంది. కొన్నాళ్ళకి అది నిండిపోతుంది. అప్పుడు ఉప్పునీళ్ళతో కడిగితే పట్టుకున్న సున్నమంతా వదిలేసి మళ్ళీ పనికొస్తుంది. మీరు పోసే ఉప్పు గిన్నెలు తోమడానికి కాదు, ఆ రెసిన్‌ని కడగడానికి.

మీ మిషన్లో ఉప్పు ఉందా? ఉంటే, కాఠిన్యం ఎంత అని మిషన్‌కి చెప్పారా? కొత్తలో ఫ్యాక్టరీ వాళ్ళు ఏదో అంకె పెట్టి పంపిస్తారు, అది మీ బోరుకి సరిపోవాలని లేదు. పుస్తకంలో జర్మన్ డిగ్రీల్లో ఉంటే మీ అంకెని 17.8తో భాగించండి. లీటరుకి 450 మిల్లీగ్రాములు వస్తే సుమారు 25 డిగ్రీలు. కాఠిన్యం తెలుసుకోడానికి చుక్కలు వేసి రంగు మారేదాకా లెక్కపెట్టే కిట్టు చాలు. ఆర్వో కుర్రాళ్ళు ముంచి చూపించే టీడీఎస్ మీటరుతో మాత్రం లెక్క తేలదు. అది నీళ్ళలో కరిగినదంతా కలిపి చెబుతుంది, సున్నం ఎంతో విడిగా చెప్పదు.

#11 · వంశధార_వనిత · ఉదయం 10:02

ఉప్పా? ఉప్పు లైటు ఎర్రగా వెలుగుతూనే ఉంది, కొన్న దగ్గర్నుంచీ. బిళ్ళలోనే ఉప్పు కలిసి ఉంటుంది, పొయ్యక్కర్లేదని కొట్టువాడు చెప్పాడు మేష్టారూ.

#12 · నాగావళి_మేష్టారు · ఉదయం 10:10

కుళాయి నీళ్ళు మెత్తగా ఉన్నచోట ఆ మాట కొంతవరకు చెల్లుతుంది. మీ బోరు దగ్గర చెల్లదమ్మా. ఉప్పు పొయ్యండి. మొట్టమొదటిసారి కాబట్టి ముందు ఆ గదిని నీళ్ళతో నింపి, తరవాత గరాటుతో ఉప్పు పొయ్యండి. నీళ్ళు పొంగి పక్కకి కారతాయి, కంగారుపడకండి. పోసిన వెంటనే ఒకసారి మిషన్ తిప్పెయ్యండి. చిందిన ఉప్పు రాత్రంతా స్టీలు మీద ఉంటే గుంటలు పడుతుంది.

పాత సున్నం వదలడానికి ఖాళీ మిషన్లో నిమ్మ ఉప్పు నూరు గ్రాములు వేసి వేడినీళ్ళ ప్రోగ్రాం పెట్టండి. బ్లీచింగు నీళ్ళు మాత్రం ఎప్పుడూ వద్దు. స్టీలుకీ మంచిది కాదు, పులుపుతో కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది.

#13 · పలాస_పిక్క · ఉదయం 11:25

మిషన్ ఉప్పు ఖరీదెక్కువ. మా నౌపడ కళ్ళుప్పు బస్తా తెచ్చుకుంటే ఏడాదంతా సరిపోతుంది కదా? ఉప్పు పండే జిల్లాలో ఉండి, డబ్బాలో ఉప్పు కొనుక్కోడమేటండీ?

#14 · నాగావళి_మేష్టారు · ఉదయం 11:48

నౌపడ ఉప్పు ఆవకాయకి వెయ్యండి, చేపలు ఎండబెట్టండి, దాని ముందు ఇంకోటి దిగదుడుపే. మిషన్‌లో వద్దు. సముద్రపు నీళ్ళు ఎండగట్టిన ఉప్పులో మెగ్నీషియం, కాల్షియం లవణాలు కొంత మిగులుతాయి, చెమ్మ పట్టేది అందుకే. ఏ సున్నాన్ని వదిలించాలని ఉప్పు పోస్తున్నామో దాన్నే మళ్ళీ పోసినట్టు. పైగా ఇసక. ఇక పొడి ఉప్పులో గడ్డకట్టకుండా ఏవో కలుపుతారు, అయోడిన్ ఉంటుంది, సన్నగా ఉండి ముద్దైపోతుంది. శుద్ధమైన, గరుకైన సోడియం క్లోరైడ్ కావాలి.

#15 · పలాస_పిక్క · ఉదయం 11:55

అంటే మన ఉప్పు మన మిషన్‌కి పనికిరాదు. బాగుంది.

#16 · నిర్వాహకులు · మధ్యాహ్నం 12:05

ఉప్పు పంచాయితీ వేరే చర్చగా పెట్టుకోండి. బలగవాసి గారి నీళ్ళ సంగతి తేలలేదింకా.

#17 · కోటగుమ్మం · మధ్యాహ్నం 2:15

మనవడు పడుకున్నాడు, ఇప్పుడు రాస్తన్నాను. బలగ బాబూ, ఆ పొద్దున్న నీళ్ళు పారబోశారా? పారబోయకపోతే ఓపాలి బాగా సూసి సెప్పండి. రంగేటి, జిడ్డుందా, సబ్బు నురగుందా, అందులో ఏటి తేలతంది?

#18 · బలగవాసి · మధ్యాహ్నం 2:40

గాజుగ్లాసులో తీసి పెట్టాను. సబ్బు నురగ లేదు. కొంచెం తెల్లగా, బియ్యం కడిగినట్టు. అడుగున ఆకుపచ్చ పొట్టు చేరింది.

#19 · కోటగుమ్మం · మధ్యాహ్నం 2:44

ఆకుపచ్చ పొట్టా? రాత్రి మిషన్లో ఏటి తోమారు?

#20 · బలగవాసి · మధ్యాహ్నం 2:46

గిన్నెలేం పెట్టలేదండీ. బాగుచేశాక ఖాళీగా తిప్పాను, అంతే.

#21 · కోటగుమ్మం · మధ్యాహ్నం 2:47

మరి పెసలెవరు కడిగారు?

#22 · బలగవాసి · మధ్యాహ్నం 3:10

అమ్మనడిగాను. రాత్రి మేం పడుకున్నాక, పెసరట్టుకి నానబోసిన పెసలు సింకులో గాలించి పొట్టు వదిలించిందట. రెండు బిందెల నీళ్ళు పోసిందట.

గురువుగారూ, వెన్నులో జలదరించింది. ఆ నీళ్ళు మిషన్‌వి కావు!

#23 · కోటగుమ్మం · మధ్యాహ్నం 3:25

కావు. మీ సింకు నీళ్ళు మీ మిషన్లోకి వస్తన్నాయి. మీ మిషన్ నీళ్ళు తోసే గొట్టం సింకు కింద పైపుకే కలిపుంటాది, ఔనా? ఆ కలిసిన చోటు తరవాత ఎక్కడో పైపు పూడింది. సింకులో పోసిన నీళ్ళు కిందకి పోలేక, దోవ ఉన్నకాడికి, అంటే గొట్టం పట్టుకుని మిషన్లోకి వెనక్కి దిగతన్నాయి. మిషన్ తోసినప్పుడు కూడా అంతే, పూడిన పైపు మీద ఎంతని తోస్తాది? అలిసిపోయి కోడు సూపిస్తాది.

నమ్మకం నేకపోతే బకెట్టు పరీక్ష పెట్టండి. గొట్టాన్ని సింకు పైపు నుంచి ఊడదీసి బకెట్లో పెట్టండి. మిషన్లో రెండు చెంబుల నీళ్ళు పోసి, ప్రోగ్రాం రద్దుచేసే బటను నొక్కి పట్టుకోండి, చాలా మిషన్లు అప్పుడు నీళ్ళు తోసేస్తాయి. గొట్టం గట్టిగా పట్టుకోండి, ఎగిరి మొహం మీద కొడతాది. బకెట్లోకి జోరుగా వస్తే మీ పంపు గుండ్రాయిలాగుంది.

సింకు పైపులో మాత్రం యాసిడ్ పొయ్యకండి. గొట్టం తగిలించి ఉండగా పోస్తే అదీ మిషన్లోకే వస్తాది. మరిగే నీళ్ళూ వద్దు, ప్లాస్టిక్ పైపు మెత్తబడి వంగిపోద్ది.

#24 · చీపురుపల్లి_చిన్నోడు · మధ్యాహ్నం 3:50

ఇది చదువుతుంటే డిటెక్టివ్ నవల్లా ఉంది. పనిలో పని, నాదీ ఒక ముక్క. ఊళ్ళో ఇల్లు, సాయంత్రం పూట వోల్టేజి 180కి పడిపోతుంది. రెండున్నర గంటల ప్రోగ్రాం మూడు దాటేస్తోంది. మిషన్ పాడైందా?

#25 · నాగావళి_మేష్టారు · సాయంత్రం 4:05

పాడవ్వలేదు. హీటరు శక్తి వోల్టేజి వర్గాన్ని బట్టి ఉంటుంది. 230 దగ్గర 2000 వాట్లు ఇచ్చేది 180 దగ్గర సుమారు 1225 వాట్లే ఇస్తుంది. నీళ్ళు కాగడానికి అంత ఎక్కువసేపు పడుతుంది. రాత్రి పదకొండు తరవాత పెట్టుకోండి, లేదా సరిపడా స్టెబిలైజరు. 16 ఆంపియర్ల సాకెట్, ఎర్తు ఉన్నది వాడండి. ఎక్స్‌టెన్షన్ బాక్సు మీద నడిపిస్తున్నానని మాత్రం అనకండి.

#26 · చీపురుపల్లి_చిన్నోడు · సాయంత్రం 4:06

అనను మేష్టారూ. ఇప్పుడే తీసేస్తున్నాను.

#27 · బలగవాసి · రాత్రి 8:30

బకెట్టు పరీక్ష పెట్టాను. మీరు చెప్పినా వినకుండా గొట్టం ఒంటిచేత్తో పట్టుకున్నాను, చొక్కా తడిసింది. బకెట్లోకి కుళాయి తిప్పినట్టు వచ్చింది. పంపు మంచిదే.

ప్లంబరు వచ్చి సింకు కింద పైపు విప్పాడు. ఇప్పుడు వినండి. పైపు గోడలోకి వెళ్ళే వంపు దగ్గర తెల్లగా, గట్టిగా, కొబ్బరిముక్కలా ఏదో ఉంది. ఇనప తీగతో పొడిస్తే ముక్కలు ముక్కలుగా వచ్చింది. ముక్క తీసి వాసన చూస్తే అరిసెలు! పండక్కి నాలుగు రోజుల ముందు ఇంట్లో అరిసెలు వండారు. నెయ్యీ డాల్డా కలిపిన మూకుడు, బియ్యప్పిండి పట్టిన బేసిన్లు అన్నీ సింకులోనే కడిగారు. చలికి నెయ్యి గడ్డకట్టి, దానికి పిండి అంటుకుని, దాని మీద కాఫీపొడి పేరుకుంది. నిలువునా కోస్తే పొరలు పొరలుగా కనిపిస్తున్నాయి, తాండ్రలాగ.

ఆ మెకానిక్‌కి ఫోన్ చేసి చెబుదామనుకున్నాను. చేసి ఏం లాభమని ఊరుకున్నాను.

#28 · ఆమదాలవలస_అక్క · రాత్రి 8:47

అరిసెల మూకుడు ముందు కాగితంతో తుడిచి పారెయ్యాలి తమ్ముడూ. అమ్మగారికి నేను చెప్పానని మాత్రం చెప్పకు.

#29 · కోటగుమ్మం · రాత్రి 9:15

పని సగమే అయింది. పైపు పూడింది కాబట్టి నీళ్ళు వెనక్కొచ్చాయి, సరే. ఎత్తు కట్టుంటే పూడినా అంత సులువుగా వచ్చేవి కావు. గొట్టం ఎలాగుందో సెప్పండి. మిషన్ వెనక నుంచి నేలమీద పాకి, తిన్నగా సింకు పైపుకి ఎక్కిందా?

#30 · బలగవాసి · రాత్రి 9:21

అలాగే ఉంది. నేల మీద పడుకుని, చివర జానెడు పైకి.

#31 · కోటగుమ్మం · రాత్రి 9:40

అదీ సంగతి. బిగించినోడు తొందర్లో వెళ్ళిపోనాడు. గొట్టాన్ని ముందు పైకి తీసుకెళ్ళాలి, గట్టు రాయి అడుగుదాకా, అక్కడ కట్టీసి, అక్కణ్ణుంచి కిందకి దింపి సింకు పైపుకి కలపాలి. ఏనుగు తొండం ఎత్తినట్టు. పైపులో నీళ్ళు ఆ వంపు అంత ఎత్తు లేస్తే గానీ మిషన్లోకి దిగవు. గొట్టం చివర ఎంతెత్తులో ఉండాలో మీ పుస్తకంలో అంకె ఉంటాది. నేను సూసిన వాటిల్లో నేల నుంచి 40 సెంటీమీటర్లకి తగ్గొద్దు, మీటరు దాటొద్దు అని ఉండీది. మరీ ఎత్తైతే పంపు తొయ్యలేదు.

మిషన్లో కూడా వెనక్కి రాకుండా చిన్న రబ్బరు రెక్క ఉంటాది. మీరు చింతపిక్క తీసిన చోటే, పంపు నోటి దగ్గర టార్చి వేసి సూడండి. పీచు పడుంటే అది మూసుకోదు.

#32 · బలగవాసి · రాత్రి 10:30

చింతపండు పీచే. రెండు పోగులు, రెక్క అంచున. పట్టకారుతో లాగాను. కాబట్టి గురువుగారూ, నా చింతపిక్క మరీ అంత నిర్దోషి కాదు. దొంగ కాకపోయినా తలుపు తీసి పెట్టినవాడి చుట్టం.

#33 · శ్రీకూర్మం_కోడలు · రాత్రి 10:52

నవ్వాగట్లేదు. మీ అందరికంటే పెద్ద తప్పు నాది. మా అత్తగారి బుడితి ఇత్తడి చెంబు, ఆవిడ పెళ్ళికి పెట్టినది, తెలీక మిషన్లో పెట్టాను. మెరుపంతా పోయి గోధుమరంగు మచ్చలతో వచ్చింది. పక్కనే పెట్టిన అల్యూమినియం గిన్నె నల్లగా బొగ్గులా తయారైంది, చేత్తో పట్టుకుంటే మసి అంటుతోంది. అత్తగారు ఇంకా చూడలేదు.

#34 · నాగావళి_మేష్టారు · రాత్రి 11:05

సబ్బుబిళ్ళలో క్షారం ఉంటుంది, వేడి తోడైతే అల్యూమినియం తట్టుకోలేదు. కుక్కరు అల్యూమినియందైతే అదీ పెట్టకండి. ఇత్తడి, రాగి, కంచు, చెక్కగరిటెలు, ఇనప పెనం, నాన్‌స్టిక్ అన్నీ చేత్తోనే. స్టీలు, పింగాణీ, మామూలు గాజు దాని ఆహారం.

చెంబు పోలేదు. చింతపండు గుజ్జులో చిటికెడు ఉప్పు వేసి రుద్దండి, రంగు వస్తుంది. పైన చెక్కిన పని ఉంటే గట్టిగా రుద్దకండి.

#35 · శ్రీకూర్మం_కోడలు · మర్నాడు, ఉదయం 6:30

వచ్చింది! అత్తగారు లేచేలోపే అలమరలో పెట్టేశాను. ఈ చర్చ ఎవరూ ఆవిడకి చూపించకండి.

#36 · పొందూరు_సన్నం · ఉదయం 9:10

ఒక సందేహం. గిన్నెలు ముందు కడిగి పెట్టాలా, అలాగే పెట్టాలా? మా ఇంట్లో దీనిమీద విడాకులదాకా వెళ్ళింది.

#37 · ఆమదాలవలస_అక్క · ఉదయం 9:26

మెతుకులు, ఎముకలు దులిపెయ్యి, కడగకు. బిళ్ళల్లో పిండిపదార్థాన్నీ మాంసకృత్తుల్నీ విరగ్గొట్టే ఎంజైములు ఉంటాయి, వాటికి పని ఉండాలి. ఆటో ప్రోగ్రాంలో మిషన్ నీళ్ళ మురికి చూసి ఎంత తోమాలో తేల్చుకుంటుంది, నువ్వు కడిగి పెడితే మురికి లేదనుకుని పైపైన ముగించేస్తుంది. చోడి అంబలి తాగిన గిన్నె మాత్రం ఎండిపోతే దేనికీ లొంగదు. దాన్ని నీళ్ళు పోసి ఉంచు.

ఇంకోటి, గిన్నెలు బోర్లా పెట్టు, పైన రెక్క తిరిగేచోట గరిటె కాడ అడ్డం లేకుండా చూడు. తలుపు వేసే ముందు రెక్కని ఒకసారి చేత్తో తిప్పితే తెలిసిపోతుంది. మా వారికి ఇది నేర్పడానికి రెండేళ్ళు పట్టింది.

#38 · బలగవాసి · రథసప్తమి, రాత్రి 10:15

ఇంత ఆలస్యంగా రాస్తున్నందుకు ఏమనుకోవద్దు. ఇరవై రెండు మంది దిగారు. తెల్లవారుజామున మూడింటికి క్యూలోకి వెళ్ళినవాళ్ళు పదింటికి వచ్చి టిఫిన్లు, మధ్యాహ్నం భోజనాలు. మిషన్ మూడుసార్లు తిప్పాం. మూడుసార్లూ అడుగు పొడిగా ఉంది, తడిగుడ్డ తుడిచినంత తేమ.

గొట్టం గట్టు అడుగుదాకా ఎత్తి కట్టేశాను. ప్లంబరు క్లిప్పులు రేపు తెస్తానని పండగ ముందు వెళ్ళినవాడు మళ్ళీ కనపడలేదు, అందుకని నాన్నగారి పాత పంచె చింపి ఆ పీలికతో కట్టాను. ఫిల్టరు ఆదివారం ఆదివారం నేనే కడుగుతున్నాను. పెసలు పెరట్లో కుళాయి దగ్గర కడుగుతున్నారు, అది అమ్మ సొంత నిర్ణయం. ఇవాళ ఆవిడే ఎవరో చుట్టానికి ‘పంపు పోయిందని సెప్పీసి ఆరున్నర వేలు అడిగాడమ్మా, మావోడు అరిసె ముక్క తీసి బాగుసేసీసేడు’ అని చెబుతుంటే విన్నాను.

#39 · కోటగుమ్మం · రాత్రి 10:40

సంతోషం బాబూ. ఆ పంచె పీలిక తీసీసి క్లిప్పు వెయ్యండి. సింకు కింద చెమ్మకి నెల్లో కుళ్ళి తెగిపోద్ది, గొట్టం మళ్ళీ నేలమీద పడుకుంటాది. ఎలకలున్నాయా ఇంట్లో? ఉంటే గొట్టం గోడలోంచి వచ్చే కన్నం కూడా మూయించండి.